ఒక్క చెంబు నీళ్ళు

ముందే ఒప్పుకుంటాను. ఫస్ట్ ఇయర్ నుంచి పోయిన సంక్రాంతి దాకా నేను కాలేజీకి కార్లోనే వచ్చాను. మెయిన్ గేటు ముందు దిగితే అందరూ చూస్తారని ఒక మలుపు ముందే దిగి నడిచొచ్చేదాన్ని. ఇందులో ఏదో సరిగ్గా లేదని నాకప్పుడే తెలుసన్నమాట. అదేమిటో తేల్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. తేల్చుకున్నది ఈసారి మన గోడపత్రికకు రాస్తున్నాను. కొందరికి కోపం రావచ్చు. మన క్లాసులో కార్లో వచ్చేదాన్ని నేనొక్కదాన్నే కాదు కదా!

మా ఇల్లు వేళచ్చేరిలో. వీధి చివర నైనాకు స్టీలు సామాన్ల అంగడి. 2023లో అవ్వకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఆటో ఎక్కలేక, దిగలేక ఆమె పడే అవస్థ చూడలేక నైనా ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. కొన్నది అవ్వ కోసం. అవ్వ ఎక్కింది నెలకు ఒకసారో రెండుసార్లో. మిగతా రోజులన్నీ ఎక్కింది నేను.

ఆ డిసెంబరులోనే మిచౌంగ్ తుఫాను వచ్చింది. 3, 4 తేదీల్లో చెన్నై మీద కుండపోతగా కురిసి, 5న ఆంధ్రాలో బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో నడుము లోతు నీళ్ళు. కారు ఇంజన్లోకి నీళ్ళు పోయి రిపేరుకు బోలెడు ఖర్చయింది. అందుకే 2024 అక్టోబరులో మళ్ళీ పెద్ద వాన హెచ్చరిక రాగానే నైనా రాత్రికి రాత్రే కారు తీసుకెళ్ళి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద నిలిపి, తడుస్తూ నడిచి ఇంటికొచ్చాడు. ఆయన ఒక్కడే కాదు. ఫ్లైఓవర్ పొడవునా వరసగా కార్లు నిలబడిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ వారమంతా అందరి ఫోన్లలో అవే.

అదే సాయంత్రం మా ఇంటికి పనికొచ్చే అక్క ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అందులో రేషన్ కార్డు, ఇద్దరు పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం. "మీది మేడిల్లు కదమ్మా, వాన తగ్గేదాకా మీ దగ్గర ఉంచండి" అంది. ఆమె ఉండేది పళ్ళికరణై వైపు, పల్లంలో. 2023లో ఆ కాగితాలు తడిస్తే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరిగిందో మాకు తెలుసు. అమ్మ ఆ కవరును అటక మీద పెట్టింది. అక్క, పిల్లలు మాత్రం ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నారు.

ఆసారి భయపడినంత వాన పడలేదు. కారు దిగొచ్చింది, కవరూ దిగొచ్చింది. నాకు మాత్రం ఒక ఆలోచన పోలేదు. ఊళ్ళో ఉన్న ఎత్తైన చోటు కార్లకు దొరికింది. కాగితాలకు మా అటక దొరికింది. మనుషులు పల్లంలో ఉండిపోయారు.

వరదలకు కార్లే కారణమని నేననడం లేదు. పళ్ళికరణై చిత్తడి నేలను పూడ్చి ఇళ్ళు, ఆఫీసులు కట్టింది మనమే. కాలవలు మూసుకుపోయింది మన చెత్తతోనే. కానీ వాన మారడం మాత్రం వేరే సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. పట్టుకున్నది ఎప్పుడో ఒకచోట దింపాల్సిందే. గాలిని వేడెక్కించేవాటిలో మనం తగలబెట్టే పెట్రోలూ ఉంది. అక్క ఆ పెట్రోలు ఎప్పుడూ కొనలేదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూరిళ్ళకు సుమారు ఎనిమిదిళ్ళలోనే కారుంది. మిగతా తొంభై రెండిళ్ళ వాళ్ళు ఈ లెక్కలో లేనే లేరు, నీళ్ళొచ్చినప్పుడు తప్ప.

ఈ మాటే వాల్యూ ఎడ్యుకేషన్ క్లాసులో అంటే నా పక్క బెంచీ అమ్మాయి ఒకటే అడిగింది. "నువ్వొక్కదానివి కారు మానేస్తే వాన తగ్గుతుందా?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే తగ్గదు. నేను రేపు కార్లో వచ్చినా, బస్సులో వచ్చినా, నడిచొచ్చినా భూమి వేడిలో ఏ థర్మామీటరుకూ తేడా కనబడదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇక్కడే ఆగిపోయారు. అమెరికాలో వాల్టర్ సినట్-ఆర్మ్‌స్ట్రాంగ్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు 2005లో ఇదే ప్రశ్న మీద ఒక వ్యాసం రాశాడు. ఆదివారం పూట ఎండ బాగుందని, పెట్రోలు తెగ తాగే కారేసుకుని సరదాగా ఒక చుట్టు తిరిగొస్తే తప్పా? ఆయన ఒక్కొక్క నీతిసూత్రాన్నీ తీసి పరీక్షించి, ఆ ఒక్క ప్రయాణం తప్పని తేల్చే సూత్రం తనకు దొరకలేదన్నాడు. చట్టాలు మార్చాల్సింది ప్రభుత్వాలు, మన బాధ్యత వాటిచేత ఆ పని చేయించడం అన్నాడు.

ఆ రాత్రి అవ్వకు ఈ సంగతంతా చెప్పాను. అవ్వ నవ్వి, "పాలగుండం కథ మరిచిపోయినావా?" అంది.

మీకందరికీ తెలిసిన కథే. రాజుగారు ఒక గుండం తవ్వించి, రాత్రికి ఇంటికో చెంబు పాలు పోయమని చాటింపు వేయించాడు. ఊరంతా పోసే పాలల్లో నేనొక చెంబు నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు ఒకడు. అందరూ అదే అనుకున్నారు. తెల్లారి చూస్తే గుండం నిండా నీళ్ళే.

చిన్నప్పుడు ఈ కథను మోసం చేయకూడదనే నీతిగానే విన్నాను. ఇప్పుడు మళ్ళీ ఆలోచిస్తే ఇంకో సంగతి కనబడుతోంది. నీళ్ళు పోసినవాడి లెక్క తప్పు కాదు. ఒక్క చెంబు నీళ్ళతో పాలగుండం పాడవదు, అది నిజం. కానీ ఆ నిజం ఊళ్ళో ప్రతివాడికీ నిజమే. అందరికీ చేతికందే సాకు ఒక్కడికి మాత్రమే ఎలా చెల్లుతుంది? "నా ఒక్క కారుతో ఏమవుతుంది" అని నేనంటే, అదే మాట ఫ్లైఓవర్ మీదున్న ప్రతి కారు యజమానీ అనొచ్చు. అందరూ అంటున్నాం కాబట్టే గుండం అలా ఉంది.

1975లో జొనాథన్ గ్లోవర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఇలాంటిదే ఒకటి చెప్పాడు. నూరుమంది ఊరివాళ్ళు ఒక్కొక్క గిన్నెలో చిక్కుడు గింజలు పెట్టుకుని తినబోతున్నారు. నూరుమంది దొంగలు వచ్చి తలా ఒక గిన్నె లాక్కుపోయారు. దొంగలకే మనసు చివుక్కుమంది. మరుసటి వారం ఇంకో ఉపాయం పన్నారు. ఒక్కో దొంగ ఒక్కో గిన్నెలోంచి ఒక్క గింజ మాత్రమే తీసుకున్నాడు. ఒక్క గింజ పోతే ఎవరికి ఆకలి? ఎవరికీ నష్టం చెయ్యలేదని ప్రతి దొంగా హాయిగా నిద్రపోయాడు. ఊరివాళ్ళు మాత్రం ఆ వారం కూడా పస్తున్నారు.

అవ్వ కథకూ ఈయన కథకూ ఒక తేడా ఉంది. పాలగుండంలో నష్టం రాజుగారిది. గింజల కథలో నష్టం తిండి పోగొట్టుకున్నవాళ్ళది. మా కారు కథ ఈ రెండోదానికే దగ్గర. నేను తీసే గింజ అక్క గిన్నెలోది.

సరే, నా చెంబు ఎంతదో చూద్దామని కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో. అది మండితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఇంట్లోంచి కాలేజీకి 9 కిలోమీటర్లు. రానూపోనూ 18 అనుకున్నాను. నైనా చూసి, "ఏమ్మా, నిన్ను దింపి నేను ఇంటికి రావద్దా?" అన్నాడు. నిజమే. నన్ను దింపి ఖాళీ కారు వెనక్కి పోవాలి, సాయంత్రం ఖాళీ కారు మళ్ళీ రావాలి. రోజుకు 36 కిలోమీటర్లు. అందులో సగం ఎవరూ ఎక్కని ప్రయాణం! లీటరుకు పదిహేను కిలోమీటర్ల లెక్కన 2.4 లీటర్లు, అంటే రోజుకు ఐదున్నర కిలోలు. ఏడాదికి 180 రోజులు కాలేజీ అనుకుంటే దగ్గర దగ్గర ఒక టన్ను. మన దేశంలో సగటున ఒక మనిషి ఏడాది మొత్తానికి, వంటకు, కరెంటుకు, బట్టకు, బండికి అన్నిటికీ కలిపి వదిలేది సుమారు రెండు టన్నులు. నేను కేవలం కాలేజీకి రావడానికే దాంట్లో సగం వాడేస్తున్నాను.

అదే 9 కిలోమీటర్లు టౌన్ బస్సులో వస్తే? బస్సు లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్లు పోతుందనుకుని, అందులో యాభైమంది ఉన్నారనుకుని పంచితే నా వాటాకు నూట ఇరవై గ్రాములకు మించదు. నన్ను దింపి వెళ్ళే కారు ఒక పూటకు వదిలేదాంట్లో ఇది ఇరవయ్యో వంతు కూడా లేదు. లెక్క ఉజ్జాయింపుదే. అటూఇటూ అయినా తేడా తేడానే.

ఇక నాకు ఎదురైన మాటలు చెప్తాను.

"అమెరికావాళ్ళు తలకు పద్నాలుగు టన్నుల దాకా వదులుతుంటే మనకు చెప్తావేం?" ఇది న్యాయమైన మాట. దేశానికీ దేశానికీ మధ్య లెక్క తీస్తే మనం అడగాల్సినవాళ్ళమే. అయితే ఈ మాట అనే హక్కు అక్కకు ఉంది. మా ఇంటికి అంతగా లేదు. పేద దేశం పేరు చెప్పుకుని అందులోని కలిగినవాళ్ళు దాక్కోవడం కుదరదు. అమెరికాను అడిగే నోటితోనే అక్క మమ్మల్ని అడిగితే ఏం చెప్తాం?

"కరెంటు కారు కొంటే సరిపోతుంది కదా?" కొంత మేలే. వీధిలో పొగ ఉండదు, మొత్తం మీద వాయువులూ తగ్గుతాయి. కానీ మన దేశంలో కరెంటు నాలుగింట మూడొంతుల దాకా బొగ్గుతోనే వస్తోంది. ఎన్నూరు, అత్తిపట్టు వైపు పోయినవాళ్ళు ఆ పొగగొట్టాలు, ఆ బూడిద చూసే ఉంటారు. మన వీధి పొగ వాళ్ళ వీధికి పోతుందన్నమాట. పైగా కారు ఏదైనా రోడ్డు మీద పట్టే చోటు ఒకటే. బస్సు ఇరుక్కునేది దాని వెనకాలే.

మూడోది అసలైనది, మనందరిదీ. "ఆడపిల్లవి. చీకటి పడ్డాక బస్సులో ఎలా వస్తావు?" ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బస్సులో ఒకడు వెనక నిలబడి మీద మీదికొచ్చాడు. నాకు నోరు పెగల్లేదు. పూలు అమ్ముకుని ఇంటికి పోతున్న ఒక పెద్దావిడ అరిచింది. ఇంకో ఇద్దరు తోడు పలికారు. కండక్టరు బస్సు ఆపించి వాణ్ణి దించేశాడు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. మళ్ళీ కారే నయమని ఆ రాత్రి గట్టిగా అనుకున్నాను కూడా.

కానీ తర్వాత ఆలోచిస్తే, నన్ను కాపాడింది ఆ బస్సులో ఉన్న ఆడవాళ్ళే. ఆ పూలావిడకు కారు లేదు, ఎవరూ దింపరు. బస్సు ఎలా ఉన్నా ఆమె రోజూ ఎక్కాల్సిందే. నాలాంటివాళ్ళు ఒక్కొక్కరే కార్లలోకి జారుకుంటే ఆ బస్సులో ఆడవాళ్ళు తగ్గుతారు, అడిగే నోళ్ళు తగ్గుతాయి. బస్సు సమయానికి రాకపోతే అర్జీ రాసేదెవరు? స్టాపులో దీపం వెలగకపోతే ఫోన్ చేసేదెవరు? చదువుకున్నవాళ్ళం మనం దిగిపోయి, బస్సులు బాగాలేవంటే ఏం బాగుంటుంది?

మనకిది మంచి కాలం కూడా. 2021 మే నుంచి మన రాష్ట్రంలో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. తర్వాత 2023 జూన్‌లో కర్ణాటక, ఆ డిసెంబరులో తెలంగాణ, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చాయి. ఓసీ టిక్కెట్టని నవ్వేవాళ్ళు నవ్వనీ. ఇన్ని లక్షలమంది ఆడవాళ్ళు ఒకే బస్సుల్లో రోజూ తిరగడం చిన్న సంగతి కాదు.

అందరూ కారు అమ్మెయ్యాలని నేననను. అవ్వ ఆసుపత్రికి కార్లోనే పోతుంది, పోవాలి. నడవలేనివాళ్ళు, చంటిబిడ్డ తల్లులు, రాత్రి డ్యూటీవాళ్ళు, కాల్‌టాక్సీ నడిపి బతికేవాళ్ళు, వీళ్ళెవరినీ వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. బస్సే లేని ఊళ్ళో ఉన్నవాళ్ళను కూడా అడగలేను. నేననేది ఒక్కటే. వేరే దారి ఉన్నవాళ్ళకే ఈ ప్రశ్న. నాకు దారి ఉంది. ఇంటికి నాలుగు నిమిషాల్లో బస్ స్టాపుంది. కాళ్ళు బాగున్నాయి. అయినా కారెక్కితే అది అవసరం కాదు, అలవాటు.

నైనాకు ఈ మాట చెప్పడం మాత్రం కష్టమైంది. సంక్రాంతి మర్నాడు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేను నీ వయసులో ప్యారీస్ నుంచి సామాన్లు మోసుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చినాను. నా బిడ్డ అట్లా రాకూడదనే కదా ఇంత కష్టపడింది. నా కారు నీకు చేదైపోయిందా?" అన్నాడు. ఏ తత్వవేత్తా దీనికి జవాబు రాయలేదు. ఆయనకు ఆ కారు పొగ కాదు, పరువు. ఒక జీవితం మొత్తం కష్టం.

"నీ కష్టం నాకు చేదు కాదు నైనా. నువ్వు ఖాళీ కారు తోలుకుని తిరగడం నాకిష్టం లేదు" అన్నాను. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. రోజూ బస్సు. పరీక్ష రోజుల్లో, కుండపోత వానలో కారు. ఏడు దాటితే నైనా స్కూటర్ మీద బస్ స్టాపుకొస్తాడు. అప్పుడప్పుడు నేను మాట తప్పాను కూడా. ఏప్రిల్ ఎండల్లో నాలుగు రోజులు కార్లోనే వచ్చాను. పూర్తిగా మంచిదాన్ని అయిపోయానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

ఇప్పుడు మన డిపార్ట్‌మెంటు సంగతి. మేడమ్‌లు కోపం తెచ్చుకోకూడదు. పోయినేడు మనం 34 మంది మహాబలిపురం పోయాం. తొమ్మిది కార్లు! రానూపోనూ సుమారు 110 కిలోమీటర్లు, తొమ్మిది కార్లకు 990. పైన చెప్పిన లెక్కనే వేస్తే 66 లీటర్లు, నూటయాభై కిలోలకు పైన. ఒకే బస్సైతే దాంట్లో సగం. అదీకాక దారి పొడవునా ఏ కారులోవాళ్ళు ఆ కారులోనే ఉండిపోయాం. ఫస్ట్ ఇయర్ చెల్లెళ్ళతో నేను మాట్లాడింది అక్కడ కొబ్బరిబోండాల బండి దగ్గర మాత్రమే. వచ్చే నెల ప్రయాణానికి ఒకే బస్సు మాట్లాడుకుందాం. పాటలు పాడుకోవచ్చు, అంత్యాక్షరిలో థర్డ్ ఇయర్ వాళ్ళు ఓడిపోవచ్చు.

ఇంకొకటి. నాలుగు గంటలకు కాలేజీ వదిలితే మన స్టాపులో మనం ఎక్కగలిగే బస్సు రావడానికి ఒక్కోసారి నలభై నిమిషాలు పడుతోంది. నాలుగుంబావుకు ఒక బస్సు అదనంగా వెయ్యమని అర్జీ రాశాను, తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఈ పత్రిక పక్కనే గుచ్చాను. బస్సులో వచ్చేవాళ్ళు ఎలాగూ సంతకం పెడతారు. కార్లో వచ్చేవాళ్ళు కూడా పెట్టండి. ప్రభుత్వమే చెయ్యాలని ఆ అమెరికా ఆచార్యుడన్నాడు కదా, ఆ మాట వరకూ నేనూ ఒప్పుకుంటాను. అడగాల్సింది మాత్రం మనమే. బస్సెక్కేవాళ్ళు అడిగితే ఆ మాటకు బరువెక్కువ.

నా మాట తప్పనిపిస్తే అర్జీ కింద తెల్లకాగితం ఒకటుంది, దాని మీద రాయండి. పక్క బెంచీ అమ్మాయికి మొదటి చోటు వదిలిపెట్టాను.